‘అర్థమైందా?’ అని అడగడం మానేశాక

పద్నాలుగేళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతున్నాను. అందులో మొదటి పదేళ్లు ప్రతి పాఠం చివరా ఒకే మాట అడిగేదాన్ని: ‘‘అర్థమైందా?’’ క్లాసంతా ఒకే గొంతుతో ‘‘అయింది టీచర్’’ అనేది. నేను డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేసి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేదాన్ని. నెల తిరిగాక పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ప్రాణం ఉసూరుమనేది. ఎంతో బాగా చెప్పాననుకున్న పాఠంలోనే సగం మంది తప్పు రాసేవారు. అదీ అందరూ ఒకే రకం తప్పు.

పిల్లలు అబద్ధం చెప్పారని నేను అనుకోను. టీచరు చెబుతుంటే, బోర్డు మీద బొమ్మ గీస్తుంటే, అంతా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి ‘నీ జవాబేంటి?’ అని ఎవరైనా అడిగితేనే లోపల ఎంత ఉందో బయటపడుతుంది. నా క్లాసులో 38 మంది ఉంటే, అలా అడిగించుకునే అవకాశం ఎప్పుడూ నలుగురికే దక్కేది. ప్రశ్న వేయగానే ఆ నాలుగు చేతులే లేచేవి. వాళ్లలో ఒకరు సరిగ్గా చెబితే ‘గుడ్’ అనేసి నేను ముందుకు సాగేదాన్ని.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లోని మాటలను రికార్డు చేసి, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీని కొలిచారు. టీచర్లు ఆగుతున్నది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచేసరికి పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పని వాళ్లు కూడా మాట్లాడారు. ఆ సంగతి చదివిన మర్నాడు నా పాఠాన్ని నేనే ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. నేను ఆ ఒక్క సెకను కూడా ఆగడం లేదు. ప్రశ్న అడిగి, జవాబులో మొదటి ముక్క కూడా నేనే అందిస్తున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. అక్కడ మా అందరికీ తలో కార్డు ఇచ్చారు. దాని మీద నలుపు తెలుపు గళ్లతో ఒక గుర్తు, నాలుగు వైపులా కనీ కనిపించనంత చిన్నగా ఎ, బి, సి, డి అక్షరాలు, ఒక నంబరు. ఈ పద్ధతి పేరు ప్లికర్స్. మనం ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. ముందు నిలబడ్డవాళ్లు ఒక్క ఫోన్ కెమెరాను గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే చాలు, ఎవరు ఏది ఎంచుకున్నారో ఫోన్‌లో పడిపోతుంది. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు. అక్షరాలు అంత చిన్నగా వేసింది పక్కవాళ్లకు కనిపించకూడదనే. ఒక్కో కార్డు మీద గుర్తు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, పక్కవాడి కార్డు చూసి తనదీ అలాగే తిప్పుదామన్నా కుదరదు.

మాకు వేసిన ప్రశ్న ఇది: రాత్రంతా ఒకే గదిలో ఉన్న ఇనుప కుర్చీ, చెక్క కుర్చీల్లో తెల్లారేసరికి దేని ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది? ఈ పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రెండింటిదీ ఒకటే. ఇనుము మన ఒంటి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి చల్లగా తోస్తుంది. ఇంత తెలిసినా, కార్డు తిప్పబోయే ముందు ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. చేతికి తెలిసిన చల్లదనం ఒకటి చెబుతోంది, చదువుకున్న సూత్రం ఇంకోటి చెబుతోంది. ఏదో ఒకటి ఎంచుకుని పైకెత్తి చూపించక తప్పదు. తిరిగి వస్తూ దారంతా ఆ క్షణం గురించే ఆలోచించాను. అలాంటి క్షణం నా క్లాసులో మిగతా 34 మందికి నేను ఎప్పుడిచ్చాను?

కార్డులు ప్రింట్ తీశాను. పాడవకుండా ఉంటాయని మెరిసే ప్లాస్టిక్‌తో లామినేషన్ చేయించాను. మొదటి రోజు కిటికీ పక్కన కూర్చున్న తొమ్మిది మంది కార్డులు కెమెరాకు అందనే లేదు. ప్లాస్టిక్ మీద వెలుతురు పడి తళుక్కుమంటే గుర్తు కనపడదని నాకు అప్పటికి తెలియదు. కొందరు బొటనవేలు గళ్ల మీద పెట్టి పట్టుకున్నారు. ఇంకొందరు సిగ్గుపడి కార్డును గుండెకు ఆనించుకుని సగమే చూపించారు. పది నిమిషాలు గడిచాయి, ఒక్క ప్రశ్నా పూర్తి కాలేదు. ఆ రాత్రే మళ్లీ ప్రింట్ తీసి, ఈసారి లామినేషన్ జోలికి పోకుండా మందపాటి అట్ట మీద అతికించాను. ఎక్కడ పట్టుకోవాలో తెలిసేలా కింది మూలల్లో చిన్న చుక్కలు పెట్టాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క పని ముందే చేసుకుంటే నేను పడిన టెన్షన్ వాళ్లకు ఉండదు.

సరిగ్గా నడిచిన మొదటి ప్రశ్న ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రుతువుల పాఠం. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉందనీ, రుతువులకు అదే కారణమనీ ముందురోజే చెప్పాను. అందరూ నోట్సులో రాసుకున్నారు, బొమ్మ కూడా వేసుకున్నారు. మర్నాడు అడిగాను: వేసవిలో ఎందుకంత ఎండ? ఎ: ఆ రోజుల్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది. బి: మనమున్న సగం సూర్యుడి వైపు వంగి ఉంటుంది. సి: సూర్యుడే ఎక్కువ వేడినిస్తాడు. డి: భూమి నెమ్మదిగా తిరుగుతుంది. ఆ రోజు వచ్చిన 36 మందిలో 19 మంది ‘ఎ’ అన్నారు. ‘బి’ అన్నది 12 మంది. ‘సి’కి ఇద్దరు, ‘డి’కి ముగ్గురు.

నోట్సులో సరైన వాక్యం ఉంది. బుర్రలో మాత్రం పొయ్యి దగ్గరకు జరిగితే వేడి అనే పాత లెక్కే ఉంది. ఆ లెక్క వాళ్లకు నేను చెప్పింది కాదు, బతుకులో నేర్చుకున్నది. నేను చెప్పిన వాక్యం దాని పక్కన ఓ మూల కూర్చుంది గానీ దాన్ని కదపలేకపోయింది.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్‌కు కూడా ఇలాంటి అనుభవమే ఎదురైంది. కష్టమైన లెక్కలు చేయగల తన విద్యార్థులకు మామూలు మాటల్లో ఉన్న చిన్న ప్రశ్నలిచ్చారు. ఒక విద్యార్థిని లేచి, వీటికి మీరు నేర్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా అని అడిగిందట. 1991 నుంచి ఆయన పాఠం చెప్పే తీరే మార్చేశారు. ముందు ప్రశ్న, ఎవరికి వాళ్లు జవాబు చూపించడం, తర్వాత వేరే జవాబు చూపించిన పక్కవాళ్లతో మాట్లాడటం, మళ్లీ జవాబు చూపించడం, చివర్లో టీచరు వివరణ. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పిల్లల్ని మాట్లాడుకోనివ్వాలి, అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు సాగాలి అన్నది వాళ్ల లెక్క. నా 36 మందిలో 12 అంటే మూడో వంతు. మాట్లాడుకోనివ్వాల్సిన చోటే ఉంది.

జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు చాలా కష్టమైంది. నాలుక చివరిదాకా వచ్చింది. ‘‘మీ పక్కనున్న వాళ్లలో వేరే జవాబు చూపించినవాళ్లు ఎవరో కనుక్కోండి. వాళ్లను మీ వైపు తిప్పుకోండి. మూడు నిమిషాలు’’ అన్నాను. గది ఒక్కసారిగా సంతలా మారింది. నేను బెంచీల మధ్య తిరుగుతూ మూడో బెంచీ దగ్గర ఆగాను. ఆ చివర కూర్చునే అమ్మాయి ఏడాదిలో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. ఇప్పుడు రబ్బరు మధ్యలోకి పెన్సిల్ గుచ్చి, దాన్ని ఏటవాలుగా పట్టుకుని, పక్కమ్మాయి పిడికిలి చుట్టూ తిప్పుతోంది. పిడికిలి సూర్యుడన్నమాట.

‘‘దగ్గరగా ఉంటేనే వేసవి అనుకో. అప్పుడు భూమి మొత్తం దగ్గరకొస్తుంది కదా? మరి భూమికి కింది సగంలో ఉన్నోళ్లకు అప్పుడే చలికాలం ఎందుకు?’’

పక్కమ్మాయి కాసేపు రబ్బరు వంక చూసింది. ‘‘కిందోళ్లకు చలికాలమా? నిజంగానా?’’

‘‘జనవరిలో వాళ్లకు ఎండాకాలం. క్రికెట్ చూడవా నువ్వు?’’

ఈ తర్కం నేను ముందురోజు చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు కూడా. రెండోసారి కార్డులు చూపించినప్పుడు ‘బి’ 25కు చేరింది. ‘ఎ’ తొమ్మిదికి పడిపోయింది. అప్పుడు నేను అసలు దూరాలు చెప్పాను: భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. అంటే ఉత్తరార్ధగోళంలో ఎండలు కాసే రోజుల్లో మనం సూర్యుడికి దూరంగానే ఉన్నాం. ‘ఎ’ దగ్గరే ఆగిన తొమ్మిది మందిలో ఒకడు ‘‘అయ్యో!’’ అని పైకే అనేశాడు. ఆ ‘అయ్యో’ కోసం నేను పదేళ్లు ఎదురుచూశానని అనిపించింది.

తెలిసిన పిల్లలు తెలియని వాళ్లకు జవాబు చెప్పేస్తున్నారేమో, వీళ్లు ఊరికే తలాడిస్తున్నారేమో అని మొదట్లో అనుమానపడ్డాను. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం తరగతిలో ఇదే సందేహాన్ని పరీక్షించి, ఫలితాలను 2009లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. చర్చ అయ్యాక అదే సూత్రం మీద కొత్త ప్రశ్న ఇచ్చి, ఈసారి ఎవరికి వాళ్లే జవాబు చెప్పమన్నారు. అప్పుడు కూడా మెరుగుదల నిలిచింది. గుంపులో మొదట సరైన జవాబు ఒక్కరికీ తెలియకపోయినా, మాట్లాడుకుంటూ దాన్ని పట్టుకున్నవాళ్లు ఉన్నారు. అప్పటి నుంచి నేను కూడా ఒకే సూత్రం మీద రెండు ప్రశ్నలు రాసుకుంటున్నాను. రెండోది చర్చ అయ్యాకే బయటకు తీస్తాను.

కొన్ని తప్పులు చేశాకే నాకు తెలిసొచ్చాయి. మొదట్లో మొదటి ఓటు అవ్వగానే ప్రొజెక్టర్ మీద గ్రాఫ్ చూపించేదాన్ని. పొడుగాటి గీత చూడగానే గది చల్లబడిపోయేది. ఎక్కువమంది ఏది అన్నారో అదే రైటు అనుకుని రెండోసారి అందరూ అటు దూకేవారు. ఒకసారి ఆ పొడుగాటి గీతే తప్పు జవాబు. అప్పటికి సరిగ్గా చెప్పిన ఏడుగురు కూడా తమ జవాబు మార్చుకుని తప్పులోకి వెళ్లారు. ఆ ఏడుగురి ముఖాలు చూశాక చాలా బాధేసింది. వాళ్లు సొంతంగా ఆలోచించి చేరుకున్నదాన్ని నా గ్రాఫ్ లాగేసుకుంది. ఇప్పుడు రెండో ఓటు అయ్యేదాకా గ్రాఫ్ నా ఫోన్‌లోనే ఉంటుంది.

ఇంకోసారి, శ్రద్ధ పెరుగుతుందని ఓ వారం పాటు సరైన కార్డులకు మార్కులు వేశాను. మూడో రోజుకే కార్డు తిప్పే ముందు అందరి చూపులూ ఫస్ట్ వచ్చే అబ్బాయి వైపు తిరిగాయి. కార్డు గుర్తులు కాపీ కొట్టలేరు గానీ, వాడు గొంతు సవరించుకుంటే ‘బి’ అని ఎవరో సంకేతం కనిపెట్టారు. మార్కులు ఆపేశాను. తప్పు చూపిస్తే పోయేదేమీ లేదని నమ్మకం కలగడానికి మళ్లీ నెల పట్టింది. ఇప్పటికీ ఓటుకు మార్కు వేయను. ఈ విషయంలో ఎవరెన్ని చెప్పినా నా మనసు మారదు.

కార్డుల రిపోర్టు వల్ల నేను ఊహించని మేలు ఒకటి జరిగింది. 17వ నంబరు కార్డు అబ్బాయి కొన్ని రోజులు అన్నీ రైటు చూపించేవాడు, కొన్ని రోజులు అన్నీ తప్పే. అల్లరి అనుకున్నాను. ఓ ఆదివారం నెల రోజుల రిపోర్టు ముందేసుకుని నా డైరీతో పోల్చి చూస్తే అర్థమైంది. నేను ఆప్షన్లు పైకి చదివిన రోజుల్లో వాడికి అన్నీ వచ్చాయి. బోర్డు మీద చూసుకోమన్న రోజుల్లో రాలేదు. వాడికి బోర్డు కనిపించడం లేదు. మర్నాడు మొదటి బెంచీకి మార్చి, వాళ్ల అమ్మగారికి కబురు పెట్టి, కంటి పరీక్ష చేయించమన్నాను. రెండు వారాల తర్వాత కళ్లజోడుతో వచ్చాడు. మూడేళ్లుగా ఆ బడిలోనే చదువుతున్నాడు. మాలో ఒక్కరమూ కనిపెట్టలేదు.

కార్డులు అలవాటయ్యాక ట్యాబ్‌ల మీదకు వెళ్లాం. నలుగురికి ఒక ట్యాబ్. వేగంగా కొట్టినవాళ్లకు ఎక్కువ పాయింట్లిచ్చే క్విజ్‌లు పిల్లలకు మహా ఇష్టం. పాట వస్తుంది, పేర్లు పైకీ కిందకీ దూకుతాయి, గదంతా హుషారు. కానీ నెమ్మదిగా చదివే పిల్లలు ప్రశ్న పూర్తి కాకముందే ఏదో ఒకటి నొక్కేయడం చూశాను. ఆలోచించే వాళ్లు ఓడిపోయే ఆట అది. పాఠం ముగిసిన రోజు సరదాకు ఓసారి ఆడిస్తాను, అదీ జట్లుగా, టైమర్ పొడిగించి. కొత్త విషయం నేర్చుకునే రోజు మాత్రం దాన్ని దగ్గరకు రానివ్వను.

అసలు దెబ్బ తగిలింది పేర్లు లేకుండా రాసే స్క్రీన్ దగ్గర. అందరూ ఒక్కో మాట టైప్ చేస్తే అవన్నీ మబ్బులా స్క్రీన్ మీద పేరుకుంటాయి. ఎక్కువమంది రాసిన మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ‘ఈ పాఠంలో ఇంకా మింగుడుపడని మాట ఒకటి రాయండి’ అన్నాను. మొదటి రెండు నిమిషాలు అద్భుతంగా నడిచింది. ‘అక్షం’, ‘విషువత్తు’, ‘వాలు’ అని వచ్చాయి. అడగడానికి మొహమాటపడే పిల్లలంతా రాశారు. అంతలో ఆ మాటల మధ్య ఒక ముద్దుపేరు లాంటిది కనిపించింది. క్లాసులో ఒక అమ్మాయిని ఏడిపించే పేరది. కిసుక్కున ఒక నవ్వు. ఇంకో ముగ్గురు అదే కొట్టారు. నా కళ్ల ముందే ఆ అక్షరాలు పెద్దవవుతూ స్క్రీన్ మధ్యలోకి వచ్చాయి.

ప్రొజెక్టర్ ఆపేశాను. ఆ అమ్మాయి తలొంచుకుని పుస్తకంలోకి చూస్తోంది, పేజీ తిప్పడం లేదు. ఎవరు రాశారని అప్పుడు అరవలేదు. బెల్ కొట్టాక ముందుగా తనతో మాట్లాడాను. ‘‘నన్ను అలా పిలవడం కొత్త కాదు టీచర్. అంత పెద్దగా చూడటమే మొదటిసారి’’ అంది. ఇంటికి వెళ్లినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ స్క్రీన్ తెచ్చి అక్కడ పెట్టింది నేను. దాని మీద ఏం వస్తుందో ముందు నేను చూడాల్సింది.

మర్నాడు పాఠం పక్కనపెట్టి ఆ పీరియడ్ మొత్తం దీనికే ఇచ్చాను. పేరు కనిపించనప్పుడు మన వేళ్లు ఏం చేస్తాయి, స్క్రీన్ అవతలున్న మనిషికి ఏమవుతుంది అని మాట్లాడుకున్నాం. రాసిన నలుగురిలో ముగ్గురు ఆ రోజు సాయంత్రం వాళ్లంతట వాళ్లే స్టాఫ్ రూమ్‌కు వచ్చారు. ఇప్పుడు రాసింది ముందు నా దగ్గరకొచ్చి, నేను సరేనన్నాకే స్క్రీన్ మీదకు వెళ్లేలా సెట్టింగ్ పెట్టుకున్నాను. తోటివాళ్లకు పేరు కనిపించదు గానీ, ఎవరు రాశారో నాకు తెలుస్తుందని పిల్లలకు ముందే చెబుతాను. ఏ ఆప్‌లోనూ పిల్లల పూర్తి పేర్లు ఎక్కించను. నంబర్లు మాత్రమే. ఆ నంబర్లు ఎవరివో రాసుకున్న కాగితం నా బీరువాలో ఉంటుంది.

ఆ రోజు చర్చలోనే ఒక కుర్రాడు అన్న మాట నా పాఠాల దిశ మార్చింది. ‘‘టీచర్, నలుగురు రాస్తే మాట పెద్దదైపోయింది. ఫార్వర్డ్ మెసేజ్‌లు కూడా అంతే కదా?’’

అవును, అంతే. గ్రాఫ్‌లో పొడుగాటి గీత, స్క్రీన్ మీద పెద్ద అక్షరాలు, వందమంది పంపిన మెసేజ్, వెతకగానే పైన కనిపించిన ఫలితం, వీటన్నింటికీ పిల్లలు ఒకే విధంగా తలొంచుతున్నారు. అప్పటిదాకా నేను టెక్నాలజీతో సైన్సు చెబుతున్నాను. ఆ టెక్నాలజీ చూపించినదాన్ని ఎలా చదవాలో చెప్పలేదు.

మొదటి ప్రయోగానికి అందరికీ తెలిసిన ఒక మాట తీసుకున్నాను: చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుంది. నిజం, అబద్ధం, ఇప్పుడే చెప్పలేను అని మూడు ఆప్షన్లు. నిజమన్నవాళ్లే ఎక్కువ. ‘చెప్పలేను’ అని ఒక్కరూ ఎంచుకోలేదు. ఆ సున్నా చూసి దిగులేసింది. తెలియదని ఒప్పుకోవడం కూడా ఒక జవాబేనని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ట్యాబ్‌లు ఇచ్చి వెతకమన్నాను. జట్లన్నీ మొదట దొరికిన పేజీ తెరిచి, పైనుంచి కిందిదాకా చదవడం మొదలుపెట్టాయి. బొమ్మలు బాగున్నాయి, తప్పుల్లేకుండా రాశారు, కాబట్టి నిజమే అన్నారు. నేనూ అలాగే చదివేదాన్ని. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన పరిశీలన గురించి తెలిశాకే నా పద్ధతి మారింది. పదిమంది చరిత్రకారులకు, వార్తల్లో నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లు పదిమందికి, 25 మంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి నమ్మవచ్చో లేదో తేల్చమన్నారు. పెద్ద చదువులు చదివిన చరిత్రకారుల్లో కూడా చాలామంది, విద్యార్థుల్లాగే, ఇచ్చిన పేజీలోనే ఉండిపోయి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలి బయటకొచ్చి, బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సైటు ఎవరిది, దీని గురించి ఇతరులు ఏమంటున్నారు అని చూశారు. తక్కువ సమయంలో సరైన చోటికి చేరారు.

పిల్లలకు ఇది అర్థమయ్యేలా చెప్పడానికి ఒక చిన్న నియమం పెట్టాను. పేజీ తెరిచాక అందులో మూడు వాక్యాలకు మించి చదవకూడదు. బయటకొచ్చి, రాసిందెవరో కనుక్కుని రావాలి. మొదట్లో గోల చేశారు, చదవొద్దనే టీచర్‌ను ఎక్కడా చూడలేదన్నారు. ఇరవై నిమిషాల్లో ఒక జట్టు చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లివే దగ్గరకు చేరింది. ఆయన 2003లో అంతరిక్షం నుంచి తిరిగొచ్చాక, తనకు గోడ కనిపించలేదని చెప్పారు. ఆయన ఉన్నది భూమి చుట్టూ తిరిగే కక్ష్యలో, చంద్రుడికి చాలా చాలా ఇవతల.

అక్కడితో ఆపకుండా లెక్క వేయించాను. చంద్రుడి దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు. మనిషి కన్ను విడిగా గుర్తుపట్టగల అతి చిన్న కోణం దాదాపు డిగ్రీలో అరవయ్యో వంతు. ఈ రెండూ కలిపి లెక్క కడితే, అక్కడి నుంచి ఒక వస్తువు విడిగా కనిపించాలంటే దాని వెడల్పు వంద కిలోమీటర్లకు పైనే ఉండాలని తేలింది. గోడ వెడల్పు కొన్ని మీటర్లు. మళ్లీ ఓటు అడిగాను. ఈసారి ముగ్గురు ‘చెప్పలేను’ చూపించారు. ఎందుకని అడిగితే, ‘‘లెక్కలో కన్ను గురించి చెప్పిన అంకె మేం చూడలేదు, మీరు చెప్పారు. ఇంటికెళ్లి చూసుకుని చెబుతాం’’ అన్నారు. నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు వారానికి ఒక ప్రశ్న పిల్లలే రాస్తారు. సరైన జవాబు రాయడం వాళ్లకు తేలికే. తప్పు ఆప్షన్లు రాయడం దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే స్నేహితుడు ఎక్కడ పొరబడతాడో ఊహించాలి. మొదట్లో ఎవరూ ఎంచుకోని పిచ్చి ఆప్షన్లు రాసేవారు. అలాంటి ఆప్షన్‌కు సున్నా ఓట్లు వస్తే రాసినవాళ్లే మొహం చిన్నబుచ్చుకునేవారు. నెమ్మదిగా ఒకరి బుర్రలోకి ఒకరు తొంగిచూడటం నేర్చుకున్నారు. మూడో బెంచీ అమ్మాయి రాసే తప్పు ఆప్షన్లకు నేనే ఒక్కోసారి తడబడతాను.

స్టాఫ్ రూమ్‌లో ఒకటే ప్రశ్న: ఇలాగైతే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది? సరైన ప్రశ్నే. ఒక్క ప్రశ్నకు, చర్చతో కలిపి, ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. పీరియడ్‌కు రెండుకు మించి పెట్టను. ఆ సమయం కోసం నోట్సు చెప్పి రాయించడం మానేశాను, కాగితం ముందే ఇచ్చేస్తున్నాను. అలాగైనా మొదటి ఏడాది చివరి పాఠం హడావిడిగా ముగించాల్సి వచ్చింది. రెండో ఏడాది ఏ పాఠానికి ప్రశ్న అవసరమో, దేనికి అక్కర్లేదో తెలిసింది. అందరూ సరిగ్గా చెప్పగల విషయం మీద కార్డులు ఎత్తించడం కాలయాపనే.

నెట్ పోయిన రోజు, ఫోన్‌లో చార్జింగ్ లేని రోజు వేళ్లే కార్డులు. కళ్లు మూసుకుని, గుండెకు ఆనించి ఒకటి, రెండు, మూడు, నాలుగు వేళ్లు చూపిస్తారు. రిపోర్టు ఉండదు, అంతే. 2008లో నథానియెల్ లాస్రీ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఎలక్ట్రానిక్ క్లికర్లు (జవాబు నొక్కే చిన్న రిమోట్లు) వాడిన తరగతినీ, మామూలు అట్టముక్కలు వాడిన తరగతినీ పోల్చి చూస్తే, పిల్లలు నేర్చుకున్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరికరాలు కొనలేదని వెనకాడుతున్న తోటి టీచర్లకు ఈ సంగతి మొట్టమొదట చెబుతాను. వచ్చే సోమవారం నుంచే వేళ్లతో మొదలుపెట్టవచ్చు.

రేపటి ప్రశ్న ఇందాకే రాసుకున్నాను. చిన్న విత్తనం పెద్ద చెట్టయింది. ఆ బరువులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చింది? ఎ: మట్టి. బి: నీరు మాత్రమే. సి: గాలి, నీరు. డి: సూర్యరశ్మి. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త నాలుగు వందల ఏళ్ల కిందట తొట్టిలో విల్లో మొక్క నాటి అయిదేళ్లు పెంచాడు. చెట్టు 164 పౌండ్లు పెరిగింది, మట్టి రెండు ఔన్సులే తగ్గింది. మట్టి కాదని తేల్చాడు. అంతా నీళ్ల నుంచే వచ్చిందన్నాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆయనకు తట్టలేదు. రేపు ‘బి’ చూపించే పిల్లలకు చెప్పడానికి ఆయన కథ పక్కన పెట్టుకున్నాను. కార్డులు ఒకసారి లెక్క చూసుకోవాలి. 23వ నంబరు మూల చిరిగింది, పొద్దున్నే కొత్తది ప్రింట్ తీయాలి.